ఫెయిలైన కంప్యూటర్‌ని అమ్మాయిగా గీస్తే తప్పు ఎవరి మీదకి పోతుంది?

ఆకుపచ్చ జుట్టు, రెండు పొడుగాటి పిలకలు, మెయిడ్ డ్రెస్సు, మొహంలో ఎప్పుడూ ఏదో ఒక కంగారు. పాత యానిమే ఫ్యాన్ ఆర్ట్ కాస్త తిరగేసిన వాళ్లకి ఈ అమ్మాయి ఎక్కడో ఒకచోట కనపడే ఉంటుంది. పేరు ఎంఈ-తాన్. 2000 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ వదిలిన విండోస్ మిలీనియం ఎడిషన్ ఉంది చూశారా, ఊరికే హ్యాంగ్ అయిపోయి, నీలం స్క్రీన్ వేసి జనాన్ని ఏడిపించింది, దాన్నే మనిషిగా ఊహించి గీశారన్నమాట. 2003లో జపాన్‌లో ఫుతబా ఛానెల్ అనే బొమ్మల బోర్డులో పేరు చెప్పుకోని ఎవరో మొదలుపెడితే, ఆ తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు గీసుకుంటూ పోయారు. ఎంఈ-తాన్ ఎంత కష్టపడినా పని చెడిపోతుంది, నడుస్తూ నడుస్తూ పడిపోతుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ బిగుసుకుపోతుంది, మళ్లీ లేచి ఏమీ జరగనట్టు పని మొదలుపెడుతుంది.

ఆమెకి అక్కచెల్లెళ్లు చాలామందే ఉన్నారు. విండోస్ 2000 అయితే కళ్లజోడు పెట్టుకున్న పనిమంతురాలు, ఇంటి బరువంతా ఆమెదే. విండోస్ 95 పాతకాలం మనిషి, కిమోనో కట్టుకుని కత్తి పట్టుకుని ఉంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఎక్స్‌పీ-తాన్ చేతిలో ఉండే అన్నం గిన్నె. ఆ గిన్నె మీద మెమరీ అని రాసి ఉంటుంది, ఆమె అలా తింటూనే ఉంటుంది. ఎక్స్‌పీ వచ్చిన కొత్తలో 128 ఎంబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ మీద దాన్ని ఎక్కించిన వాళ్లకి ఆ బొమ్మ ఎవరూ వివరించక్కర్లేదు. టెక్నికల్ కంప్లైంట్ మొత్తం ఒక గిన్నెలో పెట్టేశాడు ఆ గీసినవాడు, నిజంగా గొప్ప పని.

ఇలా మనిషి కానిదాన్ని మనిషిగా గీయడాన్ని జపాన్‌లో గిజింకా అంటారు. ఓడలు, కత్తులు, దేశాలు, బొగ్గు, రైళ్లు, దేన్నీ వదల్లేదు వాళ్లు. దీని గురించి రాసే చాలామంది వెంటనే సుకుమోగామి నమ్మకం దగ్గరికి వెళ్లిపోతారు, అంటే వందేళ్లు వాడిన పనిముట్టుకి ప్రాణం వస్తుందని జపాన్‌లో ఉన్న పాత నమ్మకం. మనం కూడా దసరాకి ఆయుధ పూజ చేసి బైక్‌కీ, లేత్ మెషీన్‌కీ, ఆఫీసులో కంప్యూటర్‌కీ పసుపు కుంకుమ పెడతాం కాబట్టి ఆ ఆలోచన మనకి కొత్తేం కాదు. కానీ నాకు ఆ వివరణ సగమే సరిపోయింది అనిపిస్తుంది. పూజ చేసేటప్పుడు మనకి బాగా నడిచే బండికీ, రోజూ మొరాయించే బండికీ తేడా ఉండదు, రెండిటికీ ఒకే బొట్టు, ఒకే నిమ్మకాయ. గిజింకాలో తేడా అంతా అక్కడే ఉంది. మొరాయించే బండికే కథ ఎక్కువ రాస్తారు.

ఎందుకో ఆలోచిస్తే కారణం కనపడుతుంది. సరిగ్గా పనిచేసే మెషీన్‌ని మనం చూడం. దాంట్లోంచి మన పనిని చూస్తాం. ఉత్తరం టైప్ చేస్తుంటే ఉత్తరం కనపడుతుంది, కంప్యూటర్ కనపడదు. అది ఆగిపోయిన క్షణంలోనే అక్కడ ఒక వస్తువు ఉందని, దానికి దాని అలవాట్లు ఉన్నాయని తెలుస్తుంది. ఏ టైమ్‌లో మొరాయిస్తుంది, ఏం చేస్తే లొంగుతుంది, ఏ పని అస్సలు చెప్పకూడదు, ఇవన్నీ మనం మనుషుల గురించి గుర్తుపెట్టుకునే విషయాలు. అందుకే విండోస్ 2000కి బుద్ధిమంతురాలు అనే ఒక్క ముక్కతో సరిపెట్టేశారు, ఎంఈకి మాత్రం ఒక జీవితం ఇచ్చారు.

కంపెనీలు సొంతంగా ఇలాంటి పాత్రలు చేసినప్పుడు ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 2009లో విండోస్ 7 కోసం జపాన్ మైక్రోసాఫ్ట్ వాళ్లే నానామి మదోబే అనే అమ్మాయిని తెచ్చారు, నానా మిజుకి లాంటి పెద్ద వాయిస్ ఆర్టిస్ట్‌తో గొంతు కూడా ఇప్పించారు. చక్కగా ఉంటుంది, నవ్వుతూ ఉంటుంది, అంతే. ఆమెకి ఇబ్బంది ఏంటో ఎవరికీ తెలీదు, ఎందుకంటే అమ్మాల్సిన వస్తువుకి ఇబ్బంది ఉందని కంపెనీ చెప్పదు కదా. ఒక్క ఇనోరి ఐజావా మాత్రం వేరు. 2013లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం సింగపూర్ యానిమే ఫెస్టివల్ టైమ్‌లో వచ్చిన పాత్ర అది, ఒకప్పుడు అందరూ చిన్నచూపు చూసిన అమ్మాయి మారి నిలబడింది అనే కథ ఇచ్చారు. అంటే మా బ్రౌజర్‌కి చెడ్డపేరు ఉంది అని కంపెనీయే ఒప్పుకుని దాన్ని కథ చేసింది, అందుకే ఆమెకి కాస్త ప్రాణం వచ్చింది.

ఇంతవరకూ బానే ఉంది. నాకు ఇబ్బందిగా అనిపించేది వేరే చోట. మెషీన్‌ని మనిషిగా మార్చగానే దాని లోపం ఆ మనిషి స్వభావం అయిపోతుంది. ఎంఈ-తాన్ పడిపోతుంది, ఎందుకంటే ఆ పిల్ల అంతే, పుట్టుకతోనే తడబాటు మనిషి, పాపం అని మనం జాలిపడతాం, ముద్దుచేస్తాం. ఆ జాలిలో ఒక పెద్ద ప్రశ్న మాయమైపోతుంది. ఆమెని అలా తయారుచేసింది ఎవరు, ఏ కారణానికి, ఎవరికి లాభం కోసం?

విండోస్ ఎంఈ సంగతే చూడండి. అప్పటికి మైక్రోసాఫ్ట్ దగ్గర రెండు వేర్వేరు వంశాలు ఉండేవి. ఒకటి ఎన్‌టీ, ఆఫీసుల కోసం, గట్టి పునాది, ఒక ప్రోగ్రామ్ చెడితే మిగతావి బతికుండే ఏర్పాటు. రెండోది 95, 98ల వంశం, ఇళ్ల కోసం, విండోస్‌కి ముందున్న డాస్ అనే పాత సిస్టమ్ మీద కట్టినది, పాత గేమ్స్, పాత డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలని నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) అన్నీ నడవాలి కాబట్టి గోడలు గట్టిగా పెట్టని ఇల్లు, ఒక డ్రైవర్ పిచ్చిపని చేస్తే మొత్తం కూలిపోయే ఏర్పాటు. ఇళ్లకి కూడా ఎన్‌టీ పునాదే ఇద్దామని నెప్ట్యూన్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు, 2000 మొదట్లో దాన్ని ఆపేసి ఇంకో ప్రాజెక్టుతో కలిపేశారు, అదే చివరికి 2001 అక్టోబర్‌లో ఎక్స్‌పీగా వచ్చింది. మరి ఆ మధ్యలో ఇళ్లకి అమ్మడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఖాళీ నింపడానికి పాత డాస్ పునాది మీదే ఇంకో అంతస్తు లేపి, సిస్టమ్ రీస్టోర్, మూవీ మేకర్ లాంటి కొత్త గదులు కట్టి, కింద ఉన్న డాస్‌లోకి దిగే తలుపు మాత్రం మూసేసి, ఎంఈ అని పేరు పెట్టి పంపించారు.

అంటే ఎంఈ-తాన్ ఏడాదిపాటు అక్క రావడం లేటవుతుంది కాబట్టి ఇల్లు చూసుకోమని పంపిన పిల్ల. ఆమెకి శిక్షణ ఇవ్వడానికి ఎవరికీ టైమ్ లేదు, సరైన ఇల్లు కట్టడానికి అప్పటికి కుదరలేదు. 2006లో పీసీ వరల్డ్ పత్రిక అత్యంత చెత్త టెక్ వస్తువుల లిస్టు వేసినప్పుడు అందులో ఎంఈని బాగా పైనే పెట్టింది. నేను చూసిన ఫ్యాన్ ఆర్ట్‌లో ఆ వెనక కథ దాదాపు ఎక్కడా కనపడదు, పడిపోవడం మాత్రమే కనపడుతుంది.

ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి, 1982 నుంచి 85 దాకా వచ్చిన హోమ్ కంప్యూటర్ల దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే ఈ విషయం అక్కడ ఇంకా తేటగా తెలుస్తుంది. అప్పట్లో ప్రతి బొమ్మల కంపెనీ, ప్రతి టీవీ కంపెనీ ఒక కంప్యూటర్ చేసి వదిలింది, చాలావరకు మునిగిపోయాయి. వీటిని యానిమే అమ్మాయిలుగా గీయాలనుకునే వాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. వీళ్లలో చాలామందికి కళ్లు ఒకటే.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన టీఎంఎస్ 9918 అనే వీడియో చిప్ కుటుంబం ఒకటుంది. స్క్రీన్ మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు, 15 రంగులు, కదిలే బొమ్మలు 32. కానీ ఒకే అడ్డగీత మీద నాలుగు బొమ్మలకి మించి చూపించలేదు, ఐదోది వస్తే మాయమైపోతుంది, అందుకే ఆ గేముల్లో శత్రువులు గుంపుగా వస్తే మిణుకుమిణుకుమంటారు. ఈ చిప్పే టెక్సాస్ వాళ్ల సొంత టీఐ-99/4ఏలో ఉంది, జపాన్ టోమీ కంపెనీ ప్యూతాలో ఉంది, సెగా ఎస్‌సీ-3000లో ఉంది, అమెరికా కొలెకో కంపెనీ ఆడమ్‌లో ఉంది. చాలా కంపెనీలు ఒకే నమూనాలో చేసిన ఎంఎస్‌ఎక్స్ అనే కంప్యూటర్లు బాగా ఆడాయి, వాటి మొదటి తరంలో కూడా ఇదే ఉంది. అవే 15 రంగులు, అదే ఆకుపచ్చ, అదే మిణుకు. ఎంఎస్‌ఎక్స్ జపాన్‌లో, బ్రెజిల్‌లో, నెదర్లాండ్స్‌లో ఏళ్ల తరబడి బతికింది, ప్యూతా, ఆడమ్ ఎక్కువ కాలం నిలవలేదు. కళ్లలో ఏ తేడా లేదు కదా, మరి తేడా ఎక్కడ వచ్చింది?

గొంతు కూడా అంతే. అదే కంపెనీ చేసిన ఎస్‌ఎన్ 76489 అనే సౌండ్ చిప్, మూడు స్వరాలు ఒకేసారి, పక్కన ఒక బుస్సుమనే శబ్దం. ప్యూతా, ఎస్‌సీ-3000, ఆడమ్, ముగ్గురిదీ ఆ గొంతే. బ్రిటన్ బీబీసీ మైక్రోలో కూడా ఇదే చిప్, 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన దేశంలో స్కూళ్లకి ఇచ్చిన కంప్యూటర్ ఆ బీబీసీ మైక్రోనే. కాబట్టి అప్పట్లో ఆ స్కూళ్లలో చదివిన వాళ్లు ఈ అక్కచెల్లెళ్ల గొంతు విన్నట్టే లెక్క.

ప్యూతాతో మొదలుపెడదాం. 1982లో బొమ్మల కంపెనీ టోమీ తెచ్చింది, ధర 59,800 యెన్లు. లోపల ఉన్న బుర్ర టీఎంఎస్ 9995, అది 16 బిట్ ప్రాసెసర్. ఆ ఏడాది ఇళ్లకి వచ్చే కంప్యూటర్లన్నీ దాదాపు 8 బిట్‌వే కాబట్టి కాగితం మీద చూస్తే ప్యూతా క్లాసులో ఫస్ట్ రావాల్సిన పిల్ల. పైగా పిల్లల కోసమే చేశారు కాబట్టి బేసిక్ భాషలో ఇంగ్లీష్ ఆదేశాల బదులు జపనీస్ ఆదేశాలే పెట్టారు, ఇంగ్లీష్ రాని పదేళ్ల పిల్లాడు కూడా సొంత భాషలో ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. ఆ ఆలోచన ఎంత మంచిదో మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి, మన పిల్లలు ఇప్పటికీ మొదటి ప్రోగ్రామ్ చాలావరకు ఇంగ్లీష్‌లోనే రాస్తున్నారు.

కానీ లోపలికి చూస్తే వేరే కథ. ప్రాసెసర్ సొంతంగా వాడుకోగల మెమరీ 256 బైట్లు, అంటే ఈ పేరా సగం కూడా పట్టదు అందులో. మిగతా 16 కేబీ మొత్తం వీడియో చిప్ చేతిలో ఉంది. ప్రోగ్రామ్ రాస్తే అది కూడా వీడియో చిప్ దగ్గరే దాచుకోవాలి, కావాల్సినప్పుడల్లా ఒక్కో బైట్ చొప్పున వీడియో చిప్‌ని అడిగి తెచ్చుకోవాలి. తెలివైన పిల్లే, కానీ నోట్‌బుక్ ఆమె దగ్గర ఉండదు, పక్కనున్న బొమ్మలు గీసే పిల్ల దగ్గర ఉంటుంది, ప్రతి అక్షరానికీ వెళ్లి అడగాలి. కీబోర్డ్ రబ్బరు కీలు, వేగంగా టైప్ చేయడం కుదరదు.

ఆ తర్వాత 1983 జూలై 15 వచ్చింది. ఆరోజే నింటెండో ఫ్యామికామ్ 14,800 యెన్లకి దిగింది. ఆరోజే సెగా ఎస్‌జీ-1000 కూడా దాదాపు ఆ ధరకే దిగింది. పిల్లలకి కావాల్సింది గేమ్స్, గేమ్స్ ఆడించే మెషీన్ ప్యూతా రేటులో నాలుగో వంతుకి వచ్చేసింది. టోమీ వాళ్లు గేమ్స్ కోసం ప్యూతా జూనియర్ అని చవకది చేశారు, మంచి కీబోర్డ్ పెట్టి ప్యూతా మార్క్ 2 కూడా చేశారు, కానీ లాభం లేకపోయింది.

ఈమెని గీసేవాళ్లు సోమరిపోతుగానో, మందబుద్ధిగానో గీస్తే నాకు మనసొప్పదు. ప్యూతాని నేనైతే ఇలా ఊహించుకుంటా. చదువుకున్న పిల్ల, చిన్నపిల్లలతో వాళ్ల భాషలో ఓపిగ్గా మాట్లాడుతుంది, చేతులకి మందపాటి రబ్బరు తొడుగులు, వాటిని ఆమె వేసుకోలేదు, ఎవరో తొడిగారని తెలిసేలా మణికట్టు దగ్గర గట్టిగా బిగించి ఉంటాయి. నోట్‌బుక్ పక్కమనిషి చేతిలో ఉండాలి. మెడలో వేలాడే ధర చీటీ మాత్రం పెద్దగా, చదవగలిగేలా ఉండాలి, ఎందుకంటే ఆమెని ఓడించింది ఆ చీటీయే.

ఆడమ్ కథ ఇంకా బాధగా ఉంటుంది. కొలెకో అంటే 1932లో తోలు వ్యాపారంగా మొదలైన కంపెనీ, తర్వాత బొమ్మల్లోకి వచ్చింది, 1982లో కొలెకోవిజన్ అనే గేమ్ మెషీన్‌తో మంచి దెబ్బ కొట్టింది. ఆ ఊపులో 1983 జూన్‌లో షికాగోలో జరిగిన కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షోలో ఆడమ్ ప్రకటించారు. ఆలోచన నిజంగా అద్భుతం. విడివిడిగా ఏదీ కొనక్కర్లేదు, ఒకే పెట్టెలో కంప్యూటర్, కీబోర్డ్, టేప్ డ్రైవ్, రెండు జాయ్‌స్టిక్‌లు, పైగా ప్రింటర్ కూడా. ప్రింటర్ అంటే చుక్కలతో గీసేది కాదు, టైప్‌రైటర్ లాగా డైసీ వీల్ మీద అక్షరాలు కొట్టేది. కాలేజీ వ్యాసమైనా, ఆఫీసు ఉత్తరమైనా ఇంట్లోనే నీట్‌గా వచ్చేస్తుంది. అప్పట్లో అలాంటి ప్రింటర్ ఒక్కదానికే కంప్యూటర్ అంత డబ్బు అయ్యేది. క్రిస్మస్ లోపల 5 లక్షలు అమ్ముతామని కంపెనీ గట్టిగా చెప్పింది.

ఇప్పుడు ఇంటికి తెచ్చి ఆన్ చేయడం ఊహించుకోండి. పెట్టె విప్పి వైర్లన్నీ కలిపారు. మాన్యువల్ చదివారు. కొన్ని మాన్యువల్స్‌లో ముందు టేప్ డ్రైవ్‌లో పెట్టండి, తర్వాత స్విచ్ వేయండి అని రాసి ఉంది. అలాగే చేశారు. స్విచ్ వేసిన క్షణంలో ఆ మెషీన్ లోంచి ఒక విద్యుదయస్కాంత కెరటం లేస్తుంది. అయస్కాంతం మీద రాసిన టేప్ దాని పక్కనే ఉంది కదా, అందులో ఉన్నది చెరిగిపోతుంది. బేసిక్ టేప్ కావచ్చు, పిల్లాడు రాత్రంతా కూర్చుని రాసిన హోంవర్క్ కావచ్చు. చెప్పినట్టు చేసినందుకే పోయింది.

ఇంకోటుంది. ఆడమ్‌కి కరెంటు వచ్చేది ప్రింటర్ లోంచి. పవర్ సప్లై అక్కడ పెట్టారు. కాబట్టి ప్రింటర్ చెడిపోతే ప్రింటింగ్ ఒక్కటే ఆగదు, కంప్యూటర్ మొత్తం చచ్చిపోతుంది, గేమ్ ఆడుకుందామన్నా కుదరదు, రిపేరుకి ఆ బరువంతా మోసుకెళ్లాలి. పైగా హడావుడిగా ఫ్యాక్టరీ లోంచి బయటకి తోసేశారు, అక్టోబర్‌కి షాపుల్లో ఉండాల్సినవి సరిపడా రాలేదు, వచ్చినవాటిలో పాడైనవి కుప్పలుగా వెనక్కి వచ్చాయి, రేటు కూడా మొదట చెప్పినదాని కంటే పెరిగింది. 5 లక్షల మాట అటుంచితే ఆ క్రిస్మస్‌కి అందులో కొద్ది వంతే జనానికి చేరింది. 1985 జనవరిలో కొలెకో ఆడమ్‌ని వదిలేసింది. ఆడమ్ దిగిన ఆ 1983 క్రిస్మస్‌కే వాళ్ల క్యాబేజ్ ప్యాచ్ గుడ్డ బొమ్మల కోసం అమెరికాలో తల్లిదండ్రులు షాపుల్లో కొట్టుకున్నారు, ఆ డబ్బుతో కంపెనీ ఇంకొన్నాళ్లు నిలబడి 1988లో దివాలా తీసింది.

ఈమెని మామూలు పద్ధతిలో గీస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నిద్ర లేవగానే అన్నీ మర్చిపోయే అమ్మాయి, బరువైన పెట్టె ఈడ్చుకుంటూ తిరిగే అమ్మాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, చూసిన ప్రతివాడికీ వెంటనే అర్థమవుతుంది. కానీ ఆ మతిమరుపు ఆమెది కాదండీ. ఒక మాన్యువల్ రాసినవాళ్లకి టెస్ట్ చేసి చూసే టైమ్ ఇవ్వలేదు. షో డేట్ ముందు, క్రిస్మస్ డేట్ ముందు, రిపేర్లు తర్వాత అని ఒక ఆఫీసులో నిర్ణయించారు. పవర్ సప్లై ప్రింటర్‌లో పెట్టడం కూడా ఎవరో కాగితం మీద సంతకం పెట్టి చేసిన పనే. కాబట్టి ఆడమ్ బొమ్మలో మాన్యువల్ ఉండాలి, ఆమె చేతుల్లో తెరిచి పెట్టి, ఆమె అందులో రాసింది రాసినట్టు పాటిస్తూ ఉండాలి. చూసేవాడికి అప్పుడు జాలితో పాటు కోపం కూడా రావాలి, ఆ కోపం సరైన చోటికి పోవాలి.

ఇంకో మాట, ఆడమ్‌ని కొన్నవాళ్లలో కొందరు దాన్ని వదల్లేదు. కంపెనీ చేతులెత్తేశాక వాళ్లే డిస్క్ డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, సాఫ్ట్‌వేర్ తయారుచేసుకున్నారు, ఆడమ్‌కాన్ అని ఏటా కలుసుకోవడం కూడా మొదలుపెట్టారు. టేప్ ఎప్పుడు పెట్టాలో తెలిస్తే ఆమె బానే పనిచేసింది వాళ్లకి.

స్వభావం వేరు, పరిస్థితి వేరు అనడానికి ఇంతకంటే గట్టి రుజువు కావాలంటే ఐబీఎం పీసీ జూనియర్ ఉంది. 1983 నవంబర్‌లో ప్రకటించారు, క్రిస్మస్‌కి అందలేదు. వైర్ లేని ఇన్‌ఫ్రారెడ్ కీబోర్డ్ ఇచ్చారు కానీ కీలు చూయింగ్ గమ్ బిళ్లల్లా చిన్నవి, వాటి మీద అక్షరాలే లేవు, పక్కన ప్లాస్టిక్ మీద రాశారు. ఒకే గదిలో రెండు పెడితే ఒకరి కీబోర్డ్ ఇంకొకరి కంప్యూటర్‌కి అందేది. పెద్ద పీసీ అమ్మకాలు దెబ్బతినకుండా కావాలనే దీన్ని తగ్గించి చేశారని అప్పట్లోనే చాలామంది అన్నారు. కీబోర్డ్ ఉచితంగా మార్చి ఇచ్చినా లాభం లేకపోయింది, 1985 మార్చిలో ఆపేశారు.

ఇక్కడ చూడండి. పీసీ జూనియర్‌లో ఉన్న 16 రంగుల గ్రాఫిక్స్, ఇందాక చెప్పిన ఆ మూడు స్వరాల గొంతు చూసి టాండీ కంపెనీ 1984 చివర్లో టాండీ 1000 అని ఒకటి చేసింది. అవే గ్రాఫిక్స్, అదే గొంతు. మంచి కీబోర్డ్ పెట్టింది, మామూలు పీసీ సాఫ్ట్‌వేర్ నడిచేలా చూసింది, ఊరూరా ఉన్న రేడియో షాక్ షాపుల్లో అమ్మింది. అది ఎంత ఆడిందంటే తర్వాత గేమ్ కంపెనీలు ఆ రంగులని టాండీ గ్రాఫిక్స్ అనే పిలిచాయి, అసలు కనిపెట్టిన పిల్ల పేరు వెనక్కి పోయింది. ఈ ఇద్దరినీ ఎవరైనా పక్కపక్కన గీస్తే మొహాలు మాత్రం అచ్చు ఒకేలా ఉండాలి, బట్టలు, బూట్లు, నిలబడిన ఇల్లు, ఇవే మారాలి.

ఇలాంటి న్యాయం కొంచెం జరిగిన చోటు సెగా. 2001లో డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ మెషీన్ ఆపేసి హార్డ్‌వేర్ వ్యాపారం నుంచే బయటికొచ్చిన కంపెనీ అది, అయినా 2013లో తన పాత మెషీన్లన్నిటినీ అమ్మాయిలుగా చేసే ప్రాజెక్టుకి తనే చెయ్యి కలిపింది, 2014లో యానిమే కూడా వచ్చింది. అందులో డ్రీమ్‌కాస్ట్, శాటర్న్, మెగా డ్రైవ్ ముగ్గురూ సెగా బడిలో విద్యార్థులు, వంద మెడల్స్ సంపాదిస్తే పాస్. తయారుచేసిన కంపెనీయే వచ్చి ఈ ఓడిన పిల్లలు మావాళ్లే అని చెప్పడం నాకు బాగా నచ్చింది. 2010లో వచ్చిన హైపర్‌డైమెన్షన్ నెప్ట్యూనియా గేమ్ అయితే ఇంకో అడుగు ముందుకెళ్లింది, అందులో హీరోయిన్ నెప్ట్యూన్ పేరు సెగా నెప్ట్యూన్‌ది, అసలు మార్కెట్లోకే రాకుండా ఆగిపోయిన మెషీన్. మైక్రోసాఫ్ట్ ఆపేసిన ప్రాజెక్టు పేరు కూడా నెప్ట్యూనే అవడం అనుకోకుండా కలిసిన విషయం, కానీ ఆ ఒక్కటి ఆగకపోతే ఎంఈ-తాన్ పుట్టేదే కాదేమో అనిపిస్తుంది నాకు.

చివరిగా ఎస్‌సీ-3000. ఫ్యామికామ్ వచ్చిన ఆ 1983 వేసవిలోనే 29,800 యెన్లకి దిగిన సెగా హోమ్ కంప్యూటర్, జపాన్‌లో ఫ్యామికామ్, ఎంఎస్‌ఎక్స్‌ల మధ్య నలిగిపోయింది. అదే మెషీన్‌ని న్యూజిలాండ్‌లో గ్రాండ్‌స్టాండ్ అనే కంపెనీ తెచ్చి అమ్మితే అక్కడ ఇంటింటికీ తెలిసిన కంప్యూటర్ అయింది, యూజర్ క్లబ్బులు వచ్చాయి, ఎంతోమంది పిల్లలు బేసిక్ దాని మీదే నేర్చుకున్నారు. కమడోర్ ప్లస్/4కి కూడా ఇలాగే జరిగింది, అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు, మిగిలిపోయిన సరుకు తక్కువ ధరకి హంగరీకి చేరితే అక్కడ దానికి బోలెడంత మంది అభిమానులు. కాబట్టి ఎస్‌సీ-3000ని గీయాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఒకటే, క్యారెక్టర్ షీట్ మీద ఆమె మొహం ఒకసారే గీయండి, దాని కింద రెండు నిలువు బొమ్మలు వేసి ఒకదానికి టోక్యో అని, రెండోదానికి ఆక్లాండ్ అని రాయండి.